అరుంధతి చెప్పని మాట

ఢిల్లీ దగ్గర మానేసర్‌లోని ఆ కంపెనీలో మేడ మీదివాళ్లకూ కిందివాళ్లకూ పొసగేది కాదు. మేడ మీద ఇంజనీరింగ్. రోబోలకు వెల్డింగ్ నేర్పేది వాళ్లు. కింద ఆపరేషన్స్. అవే రోబోలతో రోజంతా ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీ ట్రేలు వెల్డింగ్ చేయించి లారీలకెక్కించేది వాళ్లు. కొత్త పద్ధతి ఏదైనా పరీక్షించి చూడాలంటే ఇంజనీర్లకు రోబో కావాలి. రోబోను వాళ్లకు వదిలితే ఆ పూట కింద పని ఆగిపోతుంది. రోబో ఏమైనా ఆటబొమ్మా అని కిందివాళ్లు, దాన్ని గానుగెద్దును చేసి తిప్పుతున్నారని పైవాళ్లు ఏళ్ల తరబడి అనుకుంటూనే ఉన్నారు.

ఈ ఇద్దరి మధ్యా తిరిగే మనిషి అరుంధతి. ట్రయల్ కోఆర్డినేటర్ అని ఆమె హోదా. ఇంజనీరింగ్ హెడ్ భరద్వాజ్ ఢిల్లీవాడు, నోటి దురుసు మనిషి. "ఆ రోబో ఏమన్నా రాజగోపాల్ తాతగారిదా? వెళ్లి అడగండి" అని హిందీలో అరిచేవాడు. ఆ మాట అరుంధతి మెట్లు దిగేలోపల మెత్తబడిపోయేది. కింద ఆపరేషన్స్ హెడ్ రాజగోపాల్ దగ్గర నిలబడి, "సార్, భరద్వాజ్ గారు ఒక్క పూట ఇస్తే చాలంటున్నారు. మీకు ఎప్పుడు వీలవుతుందో మీరే చెప్పమన్నారు" అనేది. రాజగోపాల్ది అనంతపురం వైపు. సైన్యంలో బండ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో పనిచేసి వచ్చినవాడు. "వాళ్లకేమమ్మా, మీద కూర్చోని ఎన్నైనా చెప్తారు" అని గొణిగి, చివరికి శనివారం పూట ఒకటి ఇచ్చేవాడు. అరుంధతి మళ్లీ మెట్లెక్కి, "ఆయన సంతోషంగా ఇచ్చారు సర్" అని చెప్పేది.

ఆ పని ఆమెకు ఇష్టం. ఢిల్లీ ఆర్.కె. పురంలోని తమ గవర్నమెంటు క్వార్టర్‌లో రాత్రి భోజనాల దగ్గర భర్తతో, "నేనొక్క రోజు సెలవు పెడితే ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు, తెలుసా" అనేది. భర్త హేమసుందర్ కేంద్ర సచివాలయంలో సెక్షన్ ఆఫీసరు. ఫైళ్లు అటూ ఇటూ తిరగడం అంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు. నవ్వి ఊరుకునేవాడు.

హరిప్రియను ఆ కంపెనీకి తెచ్చింది అరుంధతే. కరీంనగర్ పిల్ల. ఎం.టెక్. చదువుతూ ఆర్.కె. పురం పక్కనే మునిర్కాలో గది తీసుకుని ఉండేది. ఆదివారాలు వచ్చి అరుంధతి కూతురు దీపుకు లెక్కలు చెప్పేది. వెల్డింగ్ రోబోల మీదే ప్రాజెక్టు చేస్తోందని తెలిసి అరుంధతి ఆమె బయోడేటా తీసుకెళ్లి స్వయంగా భరద్వాజ్ చేతిలో పెట్టింది. ఉద్యోగం వచ్చిన రోజున "మా అమ్మాయే" అని కింద అందరికీ పేరుపేరునా చెప్పుకుంది. మొదటి నెల కంపెనీ కారులో పక్కపక్కన కూర్చుని వెళుతుంటే, ఎవరితో ఎలా మెలగాలో దారి పొడుగునా చెప్పేది. హరిప్రియ అన్నిటికీ "అట్లనా అక్కా" అని వినేది.

విన్నది కానీ పాటించలేదు. ఇంజనీర్లెవరూ కిందికి వెళ్లరు, ఏం కావాలన్నా అరుంధతితో చెప్పి పంపుతారు. హరిప్రియ వారం తిరక్కుండానే తనంతట తాను దిగిపోయింది. టిఫిన్ డబ్బా పట్టుకెళ్లి వెల్డింగ్ లైన్ మీద పనిచేసేవాళ్ల బల్ల దగ్గర కూర్చుని వాళ్ల పరోటాలు తిని, తన పచ్చిపులుసు వాళ్ల చేత తినిపించింది. "భయ్యా, ఈ మూల దగ్గర వెల్డింగ్ టార్చి ఎందుకు తడబడుతోంది?" అని హిందీలో అడిగి తెలుసుకుని, ఆ సాయంత్రమే ప్రోగ్రాము మార్చి తెచ్చింది. అరుంధతి నవ్వుతూనే, "అలా నేరుగా వెళ్లకూడదు, ఒక పద్ధతంటూ ఉంటుంది కదా" అంది.

"నీకు తిరుగుడు తప్పుతది గద అక్కా" అంది హరిప్రియ.

ఆ తర్వాత ఒకరోజు రాజగోపాల్ మెట్లెక్కాడు. ఏళ్ల తరబడి ఎన్ని మీటింగులకు పిలిచినా ఎక్కని మనిషి. అరుంధతి సీటు దాటుకుని నేరుగా హరిప్రియ బల్ల దగ్గరికి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి భరద్వాజ్ కూడా అక్కడికి చేరాడు. అరుంధతి చేతిలో పని లేకపోయినా ఏదో పనున్నట్టు ఆ పక్కగా వెళ్లింది. ముగ్గురూ దేనికో పడీపడీ నవ్వుతున్నారు. ఆమెను చూసి నవ్వు ఆపలేదు. ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు చెప్పనూ లేదు.

ఆ రోజు నుంచి అరుంధతి కడుపులో ఒక మంట మొదలైంది. ఫోను మోగడం తగ్గింది. "అరుంధతీ జీ, జరా సునియే" అని పొద్దున్నే పిలిచే భరద్వాజ్ ఇప్పుడు నేరుగా హరిప్రియను పిలుస్తున్నాడు. హరిప్రియ వేసుకున్న కొత్త షూ మీదా, ఆమె యాస మీదా, జడ వేసుకోకుండా జుట్టు పైకి ముడేసుకునే తీరు మీదా అరుంధతికి కోపం వచ్చేది. ఆదివారం దీపు గదిలోంచి మాటలు వినబడితే మరీ కష్టంగా ఉండేది. తల్లి తెలుగులో అడిగితే దీపు హిందీలో బదులిస్తుంది. హరిప్రియతో మాత్రం, "గట్లనా దీదీ? మళ్ల చెప్పు" అంటోంది. ఇన్నేళ్లుగా తాను బతిమాలినా రాని తెలుగు ఈ పిల్లకు ఎలా వచ్చిందో అరుంధతికి అర్థం కాలేదు. వంటింట్లో గిన్నె గట్టిగా పెట్టింది.

నవంబరులో పెద్ద ట్రయల్ ఒకటి వచ్చింది. రోబో చేతికి కెమెరా తగిలించి, అతుకు ఎటు వంకర పోతే అటు దానంతట అదే చూసుకుంటూ వెల్డింగ్ చేసే పద్ధతి. అది హరిప్రియ పని. స్కూటర్ల కంపెనీ నుంచి క్వాలిటీ ఆఫీసరు కూడా చూడటానికి వస్తానన్నాడు. ట్రయల్ ముందు రోజు సాయంత్రం అరుంధతి వారపు సంతలో కూరలు ఏరుతుంటే రాజగోపాల్ ఫోన్ చేశాడు.

"అమ్మా, హరిప్రియ ఫోన్ ఎత్తడం ల్యా. రేపు ట్రయల్‌కు పాత రేకు అయిపోయింది. కొత్త లాటు ఇస్తాండా. దీనికి జింకు పూత మందం ఎక్కువ. రెండు రేకులూ బిగించేటప్పుడు మధ్యలో వెంట్రుకవాసి సందు వదలమని చెప్పండి, స్పీడు కూడా తగ్గించమనండి. లేకపోతే జింకు ఆవిరి బయటికి పోలేక వెల్డింగ్ అంతా బెజ్జాలు పడతాది. పొద్దున్నే నేను రేకులు వంచే ప్రెస్సు షాపులో ఉంటా, అక్కడ మిషను ఆగిపోయింది. మీరిద్దరూ ఒకే కారులో వస్తారు కదా."

"చెప్తాను సార్" అంది అరుంధతి. ఆ క్షణాన చెప్పాలనే అనుకుంది. చాన్నాళ్ల తర్వాత ఒక కబురు తన చేతిలో పెట్టారని లోలోపల సంతోషించింది కూడా.

మర్నాడు పొద్దున కారు ముందు మునిర్కాలో హరిప్రియను ఎక్కించుకుని ఆర్.కె. పురం వచ్చింది. బయట పొగమంచు. ధౌలా కువా దాటేసరికి ట్రాఫిక్ నెమ్మదించింది. డ్రైవరు భయ్యాకు తెలుగు రాదు. తన మానాన తాను హారన్ కొట్టుకుంటున్నాడు. అరుంధతి ఆ మాట చెప్పడానికి నోరు తెరవబోయింది.

"అక్కా, నీకో ముచ్చట చెప్పాలె" అంది హరిప్రియ ముందుగా. మొహం వెలిగిపోతోంది. "భరద్వాజ్ సార్ ఒప్పుకున్నడు. వచ్చే నెల సంది శుక్రవారం శుక్రవారం రెండు టీములూ ఒక్కతాన కూసుంటయట. ట్రయల్ ఎప్పుడు, రోబో ఎవరికి, అన్నీ అక్కడ్నే మాట్లాడుకునుడే. నేనే అడిగిన. రాజగోపాల్ సార్ గూడ సరే అన్నడు."

"మరి నేను?" అంది అరుంధతి.

"నువ్వు గూడ రా అక్కా. కూసొని చూడు. ఇగ నీకు మెట్లెక్కుడు దిగుడు ఉండదు."

ఆ పిల్ల ఆ మాట ప్రేమగానే అంది. అందుకే అరుంధతికి మరీ గుచ్చుకుంది. కూసొని చూడు. ఇన్నేళ్లూ తాను చేసిందల్లా మెట్లెక్కడం దిగడమేనన్నమాట. కిటికీలోంచి బయటికి చూసింది. గురుగ్రామ్ అద్దాల మేడలు మంచులో సగం మాయమై ఉన్నాయి. చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చింది. దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.

టోల్ గేటు దగ్గర హరిప్రియ ఫోన్ చూసుకుని, "అరె, రాజగోపాల్ సార్ నిన్న ఫోన్ చేసిండు. మెట్రోల ఉన్న, చూస్కోలె" అంది. తిరిగి చేస్తే ఆయన ఎత్తలేదు. "నీకేమన్నా చేసిండా అక్కా? ట్రయల్ గురించి ఏమన్నా చెప్పిండా?"

"లేదు" అంది అరుంధతి.

అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. కారు దిగేటప్పుడు చెప్పేద్దామనుకుంది. కారు దిగాక, బల్ల దగ్గర సంచీ పెట్టి వచ్చి చెబుదామనుకుంది. సంచీ పెట్టి కూర్చుండిపోయింది.

ట్రయల్ పదకొండింటికి మొదలైంది. నల్లద్దాల తెర వెనక అందరూ నిలబడ్డారు. ముందు వరసలో క్వాలిటీ ఆఫీసరు, భరద్వాజ్. ప్రెస్సు షాపు నుంచి అప్పుడే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు రాజగోపాల్. రోబో చేయి వంగింది. కెమెరా అతుకును వెతుక్కుంది. మంట పుట్టగానే చిటపటమని నిప్పురవ్వలు చెల్లాచెదురుగా ఎగిరాయి. అంత రవ్వ ఎప్పుడూ ఉండదు. తెల్లటి పొగ లేచింది. హరిప్రియ ఒక్క నిమిషం చూసి ఆపుచేసింది. స్పీడు ఏదో మార్చి మళ్లీ నడిపింది. మళ్లీ అంతే. ముక్క కోసి చూస్తే లోపల జల్లెడలా ఉంది. క్వాలిటీ ఆఫీసరు దాన్ని వెలుగు వైపు తిప్పి చూసి, బల్ల మీద పెట్టేశాడు.

ఆయన టీ తాగడానికి బయటికి వెళ్లగానే గొడవ మొదలైంది. చెత్త రేకు అంటగట్టారని భరద్వాజ్ అరిచాడు. రేకును తిట్టడం కాదు, చేతకావాలన్నాడు రాజగోపాల్. పాత మాటలన్నీ బయటికొచ్చాయి. ఆటబొమ్మ, గానుగెద్దు. చివరికి భరద్వాజ్ అటు తిరిగి, "అరుంధతీ జీ, ఆయనకు మీరే చెప్పండి. ఈ మనిషితో నేను మాట్లాడలేను" అన్నాడు.

అరుంధతికి ఒళ్లంతా వెచ్చబడింది. ఆమెకు సంతోషం కలిగింది. సిగ్గుపడాల్సిన సంతోషమని తెలుస్తూనే ఉంది, అయినా కలిగింది. ఒక అడుగు ముందుకు వేసి, మెత్తగా మాట మొదలుపెట్టబోయింది.

అప్పుడు రాజగోపాల్ అన్నాడు: "నేను ముందే చెప్పినా కదా! కొత్త లాటు, సందు వదలండి అని నిన్న సాయంత్రమే అరుంధతమ్మకు ఫోన్ చేసి చెప్పినా. అడగండి ఆమెను!"

అందరూ ఆమె వైపు చూశారు. హరిప్రియ కూడా చూసింది. ఆ చూపులో మొదట ఏమీ అర్థం కానితనం ఉంది. తర్వాత, పొద్దున కారులో అడిగిన మాట గుర్తొచ్చినట్టుంది, ఆ కళ్లు అలా నిలిచిపోయాయి.

"అక్క చెప్పింది సార్" అంది హరిప్రియ. "నేనే మర్శిపోయిన. హడావుడిల సెట్టింగు మార్వలె. తప్పు నాదే."

భరద్వాజ్ అందరి ముందూ ఆమెను దులిపేశాడు. ఇంత చిన్న సంగతి గుర్తుంచుకోలేనిదానికి ఇంత పెద్ద ట్రయల్ అప్పగించడం తన పొరపాటన్నాడు. శనివారం మళ్లీ చేద్దామని, అది ఇంకొకరు నడిపిస్తారని అన్నాడు. హరిప్రియ తల ఊపింది. రాజగోపాల్ చల్లబడి, "పోనీలెండి సార్, చిన్న పిల్ల. శనివారం నేను రోబో ఇస్తా" అన్నాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ బయటికి నడిచారు. అరుంధతితో ఎవరికీ పని పడలేదు.

సాయంత్రం ఇద్దరూ అదే కారులో బయల్దేరారు. గురుగ్రామ్ దాటాక అరుంధతే అడిగింది.

"ఎందుకలా చెప్పావు?"

"ఏం చెప్పాలె మరి? అక్క దాశిపెట్టిందని చెప్పాల్నా?" హరిప్రియ గొంతు పెంచలేదు. "చెప్తే ఏమైతది? ఎంక్వైరీ అంటరు. రాజగోపాల్ సార్ మళ్ల కిందనే కూసుంటడు, భరద్వాజ్ సార్ మీదనే కూసుంటడు. నాకు రోబో ఎప్పుడు దొరకాలె?"

"అంటే నా కోసం కాదు."

హరిప్రియ ఆశ్చర్యంగా చూసింది. "నీ కోసమెందుకు చేస్త అక్కా?"

"కోపం రాలేదా నీకు?"

"వచ్చింది. ఇప్పుడు గూడ ఉన్నది. నువ్వెందుకట్ల చేసినవో అడుగుదామనిపించింది. మళ్ల నాకే తెలిసినట్టయింది." ఆ తర్వాత చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

ఇంట్లో దీపు తలుపు తీస్తూనే, "దీదీ కా ట్రయల్ కైసా రహా?" అంది. బాగా జరగలేదని అరుంధతి చెప్పింది. ఏమైందని హేమసుందర్ అడిగాడు. "ఒక సెట్టింగు మర్చిపోయిందట" అంది. అన్నాక తన గొంతు తనకే వినబడింది.

"పాపం" అన్నాడు హేమసుందర్. "మంచి పిల్ల. ఒప్పుకుందా తప్పు?"

"ఒప్పుకుంది."

"గొప్పే మరి. ఆ వయసులో ఎవరొప్పుకుంటారు?"

అరుంధతి ఇక అక్కడ కూర్చోలేక బాల్కనీలోకి వెళ్లింది. ఉద్యోగం తన వల్ల వచ్చింది ఆ పిల్లకు. ఇప్పుడు తన ఉద్యోగం ఆ పిల్ల దయ మీద నిలబడి ఉంది. దయ అయినా బాగుండేది, అది కూడా కాదట. రేపటి నుంచి రోజూ ఆమె పక్కనే కారులో కూర్చోవాలి. ఆమె ఏమీ అనదు. తాను ఏం చేసిందో ఆమెకు తెలుసన్న సంగతి మాత్రం ఇద్దరి మధ్యా కూర్చుని ఉంటుంది. తన చుట్టూ ఉన్న మంచి పేరంతా ఇప్పటికే ఆమె తీసుకుంది. ఇప్పుడు లేని తప్పు నెత్తిన వేసుకుని గొప్పతనం కూడా తీసుకుంది. ఆ ఒక్కటీ అరుంధతి ఇవ్వదలచుకోలేదు.

మర్నాడు కారు దిగగానే మెట్ల వైపు పోకుండా లైన్ దగ్గరికి నడిచింది. రాజగోపాల్ షిఫ్టు మొదలుపెట్టిస్తున్నాడు.

"సార్, మీరు చెప్పిన మాట నేను హరిప్రియకు చెప్పలేదు. తను అడిగినా కూడా లేదన్నాను."

యంత్రాల మోతలో ఆయనకు సరిగా వినబడలేదేమోనని ఇంకోసారి చెప్పింది.

రాజగోపాల్ చెవి దగ్గరి చేయి దించాడు. "మర్చిపోయినారా?"

"మర్చిపోలేదు."

ఆయన చేతిలోని షిఫ్టు కాగితాలు పక్కన పెట్టాడు. "ఎందుకమ్మా ఇట్ల చేస్తిరి?"

అరుంధతి దగ్గర చాలా జవాబులున్నాయి. "కుళ్లు సార్" అంది. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

భరద్వాజ్ దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లారు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది అరుంధతికి. హెచ్.ఆర్. వాళ్లు పిలిచి మందలించారు. ట్రయల్ కోఆర్డినేటర్ అనే సీటే తీసేశారు. ఎటూ శుక్రవారం మీటింగులు మొదలవబోతున్నాయి కాబట్టి దానితో అవసరమూ లేదన్నారు. ఆమెను కిందికి, ఉత్పత్తి ప్లానింగుకు మార్చారు. "నా దగ్గరికే పంపాల్నా?" అని రాజగోపాల్ విసుక్కున్నాడట. అయినా మూలన ఒక బల్ల వేయించాడు.

శనివారం ట్రయల్ మళ్లీ హరిప్రియే నడిపింది. అరుంధతి తెర వెనక, అందరికన్నా చివర నిలబడి చూసింది. ఈసారి సందు వదిలారు, వేగం తగ్గించారు. మంట నిలకడగా సాగింది. కోసిన ముక్కను చేతులు మార్చుకుంటూ చూస్తుంటే చివరికి అది అరుంధతి దాకా వచ్చింది. ఒక్క బెజ్జమైనా దొరుకుతుందేమోనని ఆమె కళ్లు వాటంతటవే వెతికాయి. దొరకలేదు. ముక్కను పక్కవాళ్లకు ఇచ్చేసింది.

హరిప్రియ ఆ తర్వాత వేరే కారుకు మారింది. ఆదివారాలు దీపుకు ఫోన్లోనే లెక్కలు చెబుతోంది. అరుంధతిని ఆఫీసులో "మేడమ్" అంటోంది. కిందకి వచ్చిన మొదట్లో లైన్ మీదివాళ్లు కూడా ఆమెతో అంటీముట్టనట్టే ఉన్నారు. ఏ ట్రే ఎప్పుడు వెల్డింగ్ కావాలి, ఏ లారీ ఎప్పుడు కదలాలి అన్నది ఆమె పని. ఇంతకాలం ఎవరో చెప్పింది ఇంకొకరికి చేరవేసిన మనిషి ఇప్పుడు తానే ఒక మాట అని, దాని మీద నిలబడాలి. కొన్నాళ్లు తడబడింది. నిదానంగా అలవాటైంది.

సంక్రాంతి సెలవులు కాగానే వచ్చిన శుక్రవారం మీటింగులో హరిప్రియ మంగళవారమంతా రోబో కావాలంది. రాజగోపాల్ ఎప్పటిలాగే ఇచ్చేసేవాడే.

"కుదరదు" అంది అరుంధతి.

అందరూ తిరిగి చూశారు. హరిప్రియ కూడా.

"ఎందుకు కుదరదు మేడమ్?"

"ఆ సాయంత్రం ఫరీదాబాద్ లారీ వెళ్లాలి. రోబో మీ దగ్గరుంటే సగం ట్రేలు ఇక్కడే ఉండిపోతాయి."

"ఆ ట్రేలు సోమవారమే చేస్కోవచ్చు గద."

"సోమవారం టార్చి మార్చాలి. కావాలంటే వచ్చి చూడండి."

"మరి నా కెమెరా సెట్ చేస్కునేటందుకే రెండు గంటలు పడతది. ముక్కలు ముక్కలుగ ఇస్తే నాకేం లాభం?"

మాటా మాటా పెరిగింది. ఎవరి గొంతూ మెత్తబడలేదు. భరద్వాజ్ నోరు తెరవబోతే రాజగోపాల్ చేత్తో ఆగమన్నాడు. ఆ పిల్లను చూస్తే అరుంధతికి ఇప్పటికీ కడుపులో మండుతుంది. ఆ చురుకూ, ఆ వయసూ, అందరూ ఆమె మాట వినే తీరూ. కానీ ఇప్పుడు ఆ మంటతో ఆమె మొహంలోకే చూసి మాట్లాడుతోంది. ఆమె కూడా వెనక్కి తగ్గకుండా బదులిస్తోంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ, "ఇవాళ హరిప్రియతో పోట్లాడాను. అందరి ముందూ" అంది.

హేమసుందర్ పేపరు దించాడు. "ఎవరు గెలిచారు?"

"మంగళవారం పొద్దున పూట ఆమెది" అంది అరుంధతి. "మధ్యాహ్నం నుంచి నాది."